ఎర్రనీళ్లు, బూడిద తేట, కిరసనాయిలు సీసాలో సోడియం

పళ్లెంలో చెంబెడు నీళ్లు. అందులో చిటికెడు పసుపు, ఆపైన వేలికొసన రవ్వంత తడి సున్నం. కలిపీ కలపగానే నీళ్లు ఎర్రబడతాయి. కొత్త కోడలు గడప దగ్గర నిలబడినా, బాలింత బిడ్డనెత్తుకుని వచ్చినా, మన కృష్ణా గుంటూరు జిల్లాల ఇళ్లలో దిష్టి తీసింది ఈ ఎర్రనీళ్లతోనే. పసుపు దుగ్గిరాల యార్డుది, సున్నం పిడుగురాళ్ల బట్టీలది. ఆ రెండూ కలిసిన పళ్లెంలో రసాయనశాస్త్రం పాఠం ఒకటి జరిగిపోతూనే ఉండేది గానీ దాన్ని పాఠమని ఎవరూ అనేవాళ్లు కారు. పాఠం బళ్లో ఉండేది: "ఎర్ర లిట్మసును నీలిరంగుకు మార్చునవి క్షారములు." ఆ లిట్మసు చాలా బళ్లలో పుస్తకంలో అచ్చయిన మాటే తప్ప కాగితంగా కంటపడేది కాదు.

పసుపుకు ఆ రంగు కుర్కుమిన్ వల్ల వస్తుంది. ఆమ్ల క్షారాల కొలత పీహెచ్: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పీహెచ్ 7.4 దాకా అది పసుపుగానే ఉండి, 8.6 దాటేసరికి ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. కాబట్టి పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఆమ్లాన్ని పట్టించదు. మంచినీళ్లలోనూ పసుపే, నిమ్మరసంలోనూ పసుపే. ఆమ్లం సంగతి తేల్చాలంటే ముందు సున్నంతో ఎర్రబడిన నీళ్లు కావాలి; వాటిలో నిమ్మరసం పిండితే ఎరుపు విరిగి మళ్లీ పసుపు వస్తుంది. తెల్ల చొక్కా మీద పప్పు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, బాగా జాడించాక మళ్లీ పసుపు తేలడం కూడా ఇదే. మరి ఇంట్లో చేసిన పాతకాలపు కుంకుమ నిమ్మరసం పడినా ఎందుకు విరగదు? అందులో వెలిగారం, అంటే బోరాక్స్, ఉంటుంది. పులుపులో వెలిగారంలోని బోరాన్ కుర్కుమిన్‌ను పట్టుకుని ఇంకో ఎర్రటి పదార్థాన్ని చేస్తుంది. ఎర్రనీళ్ల ఎరుపు వేరు, కుంకుమ ఎరుపు వేరు.

పసుపు కాగితం చేయడం తేలికే. చెంచాడు పసుపును 50 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి ఓ గంట ఉంచి వడగట్టాలి. కుర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. వడపోత కాగితం ముంచి నీడలో ఆరబెట్టి, వేలెడు ముక్కలు కోసి మూతగట్టి సీసాలో పెట్టుకోవాలి. ఎండలో ఆరబెడితే రంగు వెలిసిపోతుంది. ఆమ్లానికి కూడా పనికొచ్చేది కావాలంటే ముద్దమందారం ఉంది: పది రేకులు వేడినీళ్లలో నానేస్తే వచ్చే రంగు, పులుపులో ముదురు గులాబీ, సబ్బునీళ్లలో ఆకుపచ్చ. శంఖుపూలు ఇంకా బాగా పనిచేస్తాయి, కాకపోతే ఆ నీళ్లు రెండో రోజుకే కుళ్లుతాయి.

పుస్తకాల్లో అసలు తిరకాసు మాటల దగ్గర ఉండేది. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఇంటర్ పుస్తకాలు తెలుగులో దొరికాయి, మంచిదే. కానీ తెలుగులో 'క్షారం' ఒకటే మాట, ఇంగ్లీషులో రెండు: బేస్, ఆల్కలీ. ఆమ్లాన్ని తటస్థం చేసేదల్లా బేస్. అందులో నీళ్లలో కరిగేది మాత్రమే ఆల్కలీ. కాపర్ హైడ్రాక్సైడు బేసే. నీళ్లలో కరగదు కాబట్టి ఆల్కలీ కాదు. రెంటికీ ఒకే మాట రాసిన పుస్తకం చదివి "క్షారాలన్నీ నీళ్లలో కరుగును" అని రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. తప్పు పిల్లలది కాదని నా మటుకు నా అభిప్రాయం. ఇక 'క్షార లోహం' దగ్గర ఇంకో మెలిక: సోడియం లోహం తనంత తాను క్షారం కాదు. నీళ్లతో కలిసి క్షారాన్ని పుట్టిస్తుంది, అందుకే ఆ పేరు.

ఆమ్లం వైపు ఇంకా పెద్ద చిక్కు. ఆక్సిజన్‌కు పాత పుస్తకాల్లో పేరు ఆమ్లజని, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. అది మనవాళ్ల పొరపాటు కాదు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో లవోయిజే నమ్మాడు, ఆ నమ్మకంతోనే పేరు పెట్టాడు, మనవాళ్లు దాన్ని అక్షరాలా తెలుగు చేశారు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఉదజహరికామ్లంలో, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఆక్సిజన్ లేనే లేదని తేల్చాడు. 1884లో స్వీడన్‌వాడు అర్హీనియస్ నీళ్లలో లవణాలూ ఆమ్లాలూ అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న ముక్కలుగా, విడిపోతాయని చెప్పినప్పటి నుంచి లెక్క స్పష్టమైంది: ఆమ్లానికి గుర్తు హైడ్రోజన్ అయాను, క్షారానికి హైడ్రాక్సైడు అయాను. ఆ లెక్కన ఆమ్లజని అన్న పేరు ఉదజనికి, అంటే హైడ్రోజన్‌కు, దక్కాల్సింది. నీళ్లను పుట్టించేదని దానికి ఉదజని అని పెట్టేశారు, అది తప్పు కాదు గనక అలాగే ఉండిపోయింది.

క్షారం అన్న మాటకు అసలు పుట్టిల్లు బూడిద. అరబ్బీలో అల్ ఖలీ అన్నా కాల్చిన మొక్కల బూడిదే, ఆల్కలీ అందులోంచే వచ్చింది. పొటాషియం పేరులో కుండా బూడిదా రెండూ ఉన్నాయి: పాట్ అంటే కుండ, యాష్ అంటే బూడిద. మన ఆయుర్వేదంలో యవక్షారం యవల బూడిద నుంచి తీసేది. ఉత్తరేణి బూడిద క్షారం, పసుపు, జెముడు పాలు పట్టించిన దారాన్ని క్షారసూత్రం అంటారు. భగందరానికి, అంటే ఫిస్టులాకు, దాన్ని ఇప్పటికీ కడుతున్నారు.

పెరటి మూలన బూడిద కుప్ప లేని ఇల్లు లేని రోజుల్లో ఏ బూడిద దేనికో ఆడవాళ్లకు బాగా తెలుసు. ఊక బూడిద తోమడానికే. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే మెత్తటి ఇసుక లాంటిదే. గిన్నె మెరుస్తుంది గానీ జిడ్డు వదలదు. జిడ్డు వదలాలంటే కట్టె బూడిద ఉండాలి. పొగాకు కాడలు, అరటి బోదెలు కాల్చిన బూడిదలో పొటాషియం మెండు. తేట, అంటే బూడిదలోంచి దిగే క్షారపు నీళ్లు, తీయడానికి కుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, దాని మీద ఎండుగడ్డి, గడ్డి మీద పాత గుడ్డ పరిచి, జల్లించిన బూడిదతో మూడు వంతులు నింపేవాళ్లు. నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తే బూడిదలో కాలవ పడి అట్నుంచటే జారిపోతాయి, తేటలో సత్తువుండదు. చెంబు చెంబుగా పోసి, ఇంకే దాకా ఆగాలి. మొదట దిగే తేట పలచటి టీ రంగులో ఉంటుంది, అదే ఘాటైనది. వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది. అది నూనె జారుడు కాదు, మన చర్మం మీది కొవ్వే కొద్దికొద్దిగా సబ్బవుతోంది. ఇనప మూకుడులో పెట్టి ఇగరబెడితే అడుగున బూడిదరంగు ఉప్పు మిగులుతుంది. అదే పొటాషియం కార్బొనేటు, కొంచెం మలినాలతో. సత్తు గిన్నెలో ఈ పని చేయకూడదు. అల్యూమినియం ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది; తేట నల్లబడి గిన్నె గుంటలు పడుతుంది.

ఆ తేట మీద నిమ్మరసం చుక్క వేస్తే బుస్సున నురగొస్తుంది, ఆ పొంగేది కార్బన్ డయాక్సైడు. ఇప్పుడు ఆ తేటలోనే తడి సున్నం కలిపి మరిగించి, తెల్ల మడ్డి అడుక్కి దిగాక పైది వంచి చూడండి. నిమ్మరసం వేసినా నురగ రాదు. పొటాషియం కార్బొనేటు, సున్నం చేతులు మార్చుకున్నాయి: కార్బొనేటు సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేటుగా అడుగున కూచుంది, పైన మిగిలింది పొటాషియం హైడ్రాక్సైడు. లెక్కకు 138 గ్రాముల పొటాషియం కార్బొనేటుకు 74 గ్రాముల తడిపిన సున్నం పొడి సరిపోతుంది, పనిలో కొంచెం ఎక్కువే వేస్తారు. నురగ ఆగిందంటే మార్పు పూర్తయిందన్నమాట. ఇక దాన్ని వేళ్లతో రుద్ది చూసే పని పెట్టుకోకూడదు. కార్బొనేటు ఉన్నప్పటి జారుడు వేరు, ఇది చర్మాన్ని తినేస్తుంది.

సున్నం గురించి ఒకటి రెండు మాటలు. బట్టీలో 900 డిగ్రీల దరిదాపుల్లో కాలిన 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి 56 కిలోల కాల్చిన సున్నం అవుతుంది, మిగతా 44 కిలోలు గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడు. సంక్రాంతి ముందు సున్నాలు వేసేటప్పుడు తొట్టిలో రాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేది. నిప్పు లేకుండా నీళ్లు మరగడం పిల్లలకు పెద్ద వింత. రాళ్ల మీద నీళ్లు తక్కువ పడితే తడి చేరని చోట మాడి, గోడ మీద పూశాక పెటపెటా పొరలు లేస్తుంది. అందుకే రాత్రంతా నాననిచ్చేవాళ్లు. తడి సున్నం కంట్లో పడితే ఆలస్యం లేకుండా పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి పరుగెత్తాలి. క్షారం కంటికి ఆమ్లం కంటే ప్రమాదం, లోపలికి దిగుతూ పోతుంది. విరుగుడని నిమ్మరసం పోసేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు.

బట్టల సోడా, తినే సోడా. మొదటిది సోడియం కార్బొనేటు, రెండోది సోడియం బైకార్బొనేటు. గుంటూరు మిరపకాయ బజ్జీ పిండిలో తినే సోడా ఎక్కువ పడిందంటే మరుగుతున్న నూనెలో అది కార్బొనేటుగా మారిపోతుంది, 168 గ్రాములకు 106 గ్రాములు. పిండిలో పసుపు ఉంటే అక్కడక్కడా ఎర్ర మచ్చలు తేలతాయి, నాలుకకు సబ్బు చేదు తగులుతుంది. బెజవాడ పునుగులకు ఆ బాధ తక్కువ. పిండి పులిసి ఉంటుంది కాబట్టి ఆ పులుపే సోడాను విరిచి గాలి చేస్తుంది, సోడా మిగలదు. గోళీసోడాలో ఉప్పేస్తే పొంగేది మాత్రం రసాయన చర్య కాదు. ఉప్పు రేణువుల గరుకు మీద బుడగలు కట్టడానికి చోటు దొరికింది, అంతే. చక్కెర వేసినా పొంగుతుంది.

ఇక ల్యాబు. విజయవాడలోగానీ గుంటూరులోగానీ ఇంటర్ సైన్సు చదివినవాళ్లకు కెమిస్ట్రీ ల్యాబంటే ముందు గుర్తొచ్చేది వాసన: గ్యాసు, అమోనియా, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువును తయారుచేసే కిప్పు పరికరం. ఆమ్లాల మీద పచ్చి గౌరవం నేర్పింది అక్కడే. గాఢ గంధకామ్లం నీళ్లకంటే 1.84 రెట్లు బరువు. దాని మీద నీళ్లు పోస్తే అవి పైనే తేలి అక్కడికక్కడే మరిగి, ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. నీళ్లలోకి ఆమ్లాన్ని సన్నగా వంచుతూ కలిపితే అది కిందికి దిగుతూ వేడిని అంతటా పంచుతుంది. ఆటోనగర్‌లో బ్యాటరీ పనివాళ్లకు ఈ సూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు. పూర్తిగా చార్జయిన బ్యాటరీలో ఆమ్లం సాంద్రత 1.28 దగ్గర ఉండాలని కూడా హైడ్రోమీటరు చూసి చెప్పేస్తారు.

టైట్రేషన్ మాత్రం నింపాదిగా చెప్పుకోవాలి. పని: ఇచ్చిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత ఎంతో కనుక్కోవడం. ఆమ్లాన్ని అటెండరు బకెట్టులో కలిపి ఉంచేవాడు. సీసాలో గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్, అంటే లీటరుకు 12 మోళ్లు (మోలంటే డజను లాంటిదే, అణువులను లెక్కపెట్టే కొలత). పది లీటర్ల నీళ్లకు 83 మిల్లీలీటర్లు పోస్తే దాదాపు 0.1 మోలార్. 'దాదాపు' అన్న ఆ మాట కోసమే ఈ తతంగమంతా.

కొలమానంగా నిలిచేది సోడియం కార్బొనేటు, నీరు లేనిది. కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడు, ఎందుకు కాదంటే అది తూకానికి నిలవదు. బిళ్ల తీసి తక్కెట్లో పెట్టగానే గాలిలో తేమనూ కార్బన్ డయాక్సైడునూ పీల్చి బరువెక్కుతుంటుంది. వానాకాలమైతే కళ్లముందే చెమర్చి జిగటగా అంటుకుపోతుంది. బట్టల సోడా పలుకులది సరిగ్గా దీనికి తిరుగు వేషం. అవి గాలిలో నీళ్లు వదిలేస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు అద్దంలా ఉండే పలుకు ఎండాకాలంలో నాలుగు రోజులకు తెల్లటి పిండై కూలిపోతుంది; పది నీటి అణువుల్లో తొమ్మిది పోయి ఒక్కటి మిగిలింది. ఒకటి తాగేది, ఒకటి కక్కేది. రెంటినీ నమ్మి తూచలేం. అందుకని కార్బొనేటును బాగా వేయించి, తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలో చల్లార్చి వాడతారు.

250 మిల్లీలీటర్లలో 0.05 మోలార్ ద్రావణానికి 1.325 గ్రాములు కావాలి. డిజిటల్ తక్కెళ్లు రాకముందు ఇది పదిహేను నిమిషాల పని. గాజు తలుపుల తక్కెట్లో ఒక గ్రాము రాయి, 200, 100, 20 మిల్లీగ్రాముల రేకులు చిమటాతో పెట్టి, చివరి 5 మిల్లీగ్రాములకు బీము మీద రైడరును, అంటే చిన్న తీగ వంపును, అయిదో గీత దగ్గర కూచోబెట్టాలి. రేకును వేలితో ముట్టుకుంటే చెమట అంటి బరువు మారుతుంది. తలుపు మూయకపోతే ఫ్యాను గాలికి ముల్లు ఊగుతూనే ఉంటుంది.

బ్యూరెట్‌ను, అంటే అడుగున కుళాయి ఉన్న గీతల గాజు గొట్టాన్ని, అందులో పోయబోయే ఆమ్లంతోనే రెండుసార్లు కడగాలి, పిపెట్‌ను, అంటే కొలత ప్రకారం పీల్చి వదిలే గొట్టాన్ని, కార్బొనేటు ద్రావణంతో. శంఖం లాంటి ఫ్లాస్కును మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తోనే. దాన్ని కూడా ద్రావణంతో కడిగితే గోడలకు అంటిన చుక్కలు లెక్కలోకి చేరి రీడింగు పెరుగుతుంది. ఏటా సగం బ్యాచి చేసే తప్పు ఇదే. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్లతో కడిగితే ఇంకో తంటా. బోరు నీళ్లలో బైకార్బొనేటు ఉంటుంది, కాగు అడుగున తెల్లటి పెచ్చు కట్టేది అదే. లీటరుకు కాల్షియం కార్బొనేటు లెక్కన 300 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీళ్లు 20 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో కలిశాయనుకుంటే, అవొక్కటే 1.2 మిల్లీలీటర్ల ఆమ్లాన్ని మింగేస్తాయి.

బ్యూరెట్ నింపాక గరాటు తీసేయాలి, లేకపోతే మధ్యలో ఓ చుక్క జారుతుంది. కొసలో గాలి బుడగ ఉంటే కుళాయి ఒక్కసారి బార్లా తిప్పి తరిమెయ్యాలి. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు వదిలాక కొసను ఫ్లాస్కు గోడకు ఆనిస్తే చాలు, మిగిలిన చుక్కను ఊదకూడదు. ఆ చుక్క మిగులుతుందని లెక్కగట్టే గీత పెట్టారు. చర్య ఎక్కడ ముగిసిందో రంగు మారి చూపే మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు. రంగు బాగా కనబడుతుందని అయిదారు చుక్కలు పోసేవాళ్లుంటారు. అప్పుడు మలుపు ఎక్కడుందో పట్టుకోలేరు. కింద తెల్ల పింగాణీ పలక పెట్టి, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, ఎడంచేత్తో కుళాయి. పసుపు రంగు నారింజకు తిరిగిన చుక్క దగ్గర ఆగాలి. గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే. మొదటి రీడింగు అంచనాకే. తర్వాత రెండు రీడింగులు 0.1 లోపల కలవాలి. సగటు 19.8 వచ్చిందనుకుందాం: 2 ఇంటు 0.05 ఇంటు 20 బై 19.8, అంటే 0.101 మోలార్. ఆ 2 ఎందుకంటే ఒక కార్బొనేటుకు రెండు ఆమ్లాలు కావాలి.

మిథైల్ ఆరెంజ్ బదులు క్షారంలో గులాబీగా ఉండే ఫినాఫ్తలీన్ వేస్తే సగం దారిలోనే, 9.9 మిల్లీలీటర్ల దగ్గరే రంగు పోతుంది. ఫినాఫ్తలీన్ మలుపు పీహెచ్ 8.2, 10 మధ్య ఉంది; కార్బొనేటు బైకార్బొనేటు అయిందో లేదో అక్కడికి రంగు చెల్లు. మిథైల్ ఆరెంజ్ మలుపు 3.1, 4.4 మధ్య, అంటే బైకార్బొనేటు కూడా విరిగిపోయాకే. ఒకే ఫ్లాస్కులో ముందు ఫినాఫ్తలీన్, తర్వాత మిథైల్ ఆరెంజ్ వేసి మిశ్రమంలో ఏది ఎంతుందో తేల్చే టైట్రేషన్ అంత అందమైన ప్రయోగం సిలబసులో మరొకటి లేదనిపిస్తుంది. పని ముగిశాక కాస్టిక్ సోడాను బ్యూరెట్‌లో రాత్రంతా వదిలేస్తే తెల్లారి కుళాయి తిరగదు. క్షారం గాజును కొద్దికొద్దిగా తిని సిలికేటు చేసి అతికించేస్తుంది. ల్యాబులో కాస్టిక్ సోడా సీసాలకు గాజు బిరడా కాకుండా రబ్బరు బిరడా ఉండేది ఇందుకే.

వైవాలో, అంటే ల్యాబు నోటి పరీక్షలో, తప్పకుండా అడిగే ప్రశ్న: బలమైన ఆమ్లానికీ గాఢమైన ఆమ్లానికీ తేడా ఏమిటి? 5 శాతం వెనిగర్‌లో లీటరుకు 0.83 మోలు ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, కానీ వెయ్యి అణువుల్లో అయిదు కూడా విడిపోవు. పీహెచ్ 2.4 దగ్గరే ఆగుతుంది. అంతే గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ దాదాపు సున్నా. అయినా రెంటినీ తటస్థం చేయడానికి పట్టే కాస్టిక్ సోడా ఒక్కటే. విడిపోయినవి ఖర్చయినకొద్దీ మిగతావి విడిపోతూ వస్తాయి. పీహెచ్ చూపేది ఇప్పుడు బయట ఉన్నదాన్ని, టైట్రేషన్ చూపేది మొత్తం సరుకును.

క్షార లోహాల దగ్గరికొద్దాం. 1807 అక్టోబరులో డేవీ తడి పొటాష్‌లోకి, అంటే పొటాషియం హైడ్రాక్సైడులోకి, విద్యుత్తు పంపి పొటాషియం బొట్లు రాబట్టాడు. అవి కొన్ని అక్కడికక్కడే భగ్గుమంటుంటే గదిలో గంతులేశాడట. కొన్నాళ్లకే కాస్టిక్ సోడా నుంచి సోడియం. కుండ బూడిదలోంచి లోహం బయటపడటం, అదీ నీళ్ల మీద తేలే లోహం, అప్పటివాళ్లకు మింగుడుపడని సంగతి. 1817లో లిథియం, 1860లో సీజియం, 1861లో రుబీడియం, 1939లో ఫ్రాన్షియం వచ్చి వంశం పూర్తయింది. సోడియం గుర్తు ఎన్‌ఏ, పొటాషియం గుర్తు కె అని బట్టీ పట్టించేవాళ్లే గానీ, అవి నేట్రియం, కేలియం అన్న పేర్లవని, రెండోదానిలో మళ్లీ ఆ ఖలీయే ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

సోడియం సీసా అలమారలో పై అరలో, కిరసనాయిల్లో మునిగి ఉండేది. లెక్చరరు చిమటాతో ముక్క తీసి, వడపోత కాగితంతో కిరసనాయిలు అద్ది, చాకుతో కోసేవారు. బట్టల సబ్బు కోసినట్టు కోసుకుపోతుంది. కోసిన మొహం వెండిలా తళుక్కుమని, పదంకెలు లెక్కపెట్టేలోగా మసకబారుతుంది. పెసరగింజకు మించని ముక్క, వెడల్పు తొట్టి, సగానికి నీళ్లు, నీళ్లలో ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు, మధ్యలో గాజు అడ్డు. సోడియం సాంద్రత 0.97 కాబట్టి తేలుతుంది. కరిగేది 98 డిగ్రీలకే కాబట్టి తన వేడికి తానే కరిగి ముత్యంలా గుండ్రబడి బుసబుసలాడుతూ ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెడుతుంది, వెనకాలే గులాబీ చార. పరుగెడుతున్నంతసేపూ వేడి నీళ్లలోకి పోతుంటుంది గనక సాధారణంగా అంటుకోదు. తేలే కాగితం ముక్క మీద పెట్టి కదలకుండా చేస్తే మాత్రం హైడ్రోజన్ అంటుకుని పసుపుపచ్చటి మంట వస్తుంది. పొటాషియానికి కాగితం అక్కర్లేదు, నీళ్లు తగలగానే వంగపువ్వు రంగులో మండుతుంది. లిథియం నింపాదిగా బుడగలు వదులుతుంది. 180 డిగ్రీల దాకా కరగదు గనక ముక్క ముక్కగానే ఉంటుంది. దాన్ని కిరసనాయిల్లో దాచడం కుదరదు. సాంద్రత 0.53, నూనె మీద కూడా తేలి గాలికి చిక్కుతుంది. అందుకే మైనంలోనో వాసెలిన్‌లోనో ముంచి పెడతారు.

తప్పులు జరిగేది ముక్క సైజు దగ్గర. బటాణీ గింజ దాటిందంటే పేలి, కాస్టిక్ సోడాతో సహా కళ్లలోకి చిమ్ముతుంది. మిగిలిన తునకలు సింకులో వేయడం ఇంకో ఘోరం. వాటిని స్పిరిట్‌లో ఒక్కొక్కటిగా వేసి కరగనివ్వాలి. అంటుకుంటే పొడి ఇసుకే దిక్కు, నీళ్లూ కార్బన్ డయాక్సైడు సిలిండరూ రెండూ పనికిరావు. ఏళ్ల తరబడి మరిచిపోయిన పొటాషియం సీసాలో ముక్క మీద పసుపుపచ్చ పెచ్చు కనబడితే చాకు పెట్టనే కూడదు. అది సూపరాక్సైడు, నూనెతో రాపిడి తగిలితే పేలుతుంది.

కిందికి దిగేకొద్దీ ఈ వంశం మెత్తబడుతుంది. బయటి కక్ష్యలో ఉన్న ఒంటరి ఎలక్ట్రాను కేంద్రకానికి దూరమవుతుంది, దాన్ని ఊడదీసే ఖర్చు మోలుకు లిథియంలో 520 కిలోజౌళ్లయితే సీజియంలో 376. లోహాన్ని కలిపి ఉంచే పట్టూ సడలుతుంది. రుబీడియం 39.3 డిగ్రీలకు కరుగుతుంది, సీజియం 28.5కే. వేసవిలో రెంటచింతలలో ఎవరైనా ఈ రెంటినీ సీల్ చేసిన గాజు గొట్టాల్లో పెడితే, మధ్యాహ్నానికి రెండూ పాదరసంలా ఊగుతుంటాయి.

మంటల రంగులు సాల్ట్ అనాలిసిస్‌లో, అంటే ఇచ్చిన లవణం ఏమిటో కనిపెట్టే ప్రయోగంలో, వచ్చేవి. వాచ్‌గ్లాసులో చిటికెడు ఉప్పు, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు, ప్లాటినం తీగ. క్లోరైడు అయితే తేలిగ్గా ఆవిరవుతుందని ఆ ఆమ్లం. సోడియం రవ్వంత అంటినా దాని పసుపుపచ్చదనం మిగతా అన్నింటినీ కమ్మేస్తుంది, అందుకే పొటాషియం లేత ఊదా మంటను నీలి కోబాల్టు గాజులోంచి చూడాలి. తీగ ఎంత కడిగినా పచ్చగానే మండుతోందని విసుక్కునేవాళ్లకు తమ వేళ్ల చెమటే కారణమని తట్టేది కాదు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద ఉప్పేసిన పప్పు పొంగితే నీలిమంట చటుక్కున పచ్చబడుతుంది, చూసే ఉంటారు. అదే సోడియం, అదే 589 నానోమీటర్ల వెలుగు.

సోడియం ప్రయోగం అయ్యాక తొట్టిలో మిగిలిన గులాబీ నీళ్లను ఏం చేయాలి? ముక్క 0.1 గ్రాము అనుకుంటే నీళ్లలో 0.174 గ్రాముల కాస్టిక్ సోడా తయారై ఉంటుంది, దాదాపు 49 మిల్లీలీటర్ల హైడ్రోజన్ గాలిలోకి పోయి ఉంటుంది. లోహం తునక ఏదీ మిగల్లేదని చూసుకుని, ఓ చెంచాడు వెనిగర్ పోస్తే సరిపోతుంది. వెనిగర్ లేకపోతే ఒక నిమ్మచెక్క. మొదటి చుక్కలు పడ్డచోట రంగు పోయి, కలిపితే మళ్లీ గులాబీ అలుముకుంటుంది. అలా ఐదారుసార్లు వచ్చి పోయాక, ఒక చుక్క దగ్గర తొట్టి మొత్తం ఒక్కసారిగా మంచినీళ్లలా తెల్లబడుతుంది.